ఆ శుక్రవారం హాజరు

2014 ఫిబ్రవరి 3, సోమవారం

ఎల్‌ఐసీ ఏజెంటు ఇచ్చిన డైరీ నెల రోజులుగా పప్పు డబ్బా మీద పడి ఉంది. ఇవాళ తీశాను. మా అమ్మాయి సుజిత పురుడికని మా ఆవిడ రాహేలు హైదరాబాద్ వెళ్లి మూడు వారాలైంది. ఇంట్లో నేనూ టీవీ తప్ప ఎవరూ లేరు. టీవీ నా మాట వినదు.

పని దొరికింది. రఘుపతి ఢిల్లీ నుంచి ఫోన్ చేశాడు. రఘుపతి సార్ అని రాయాలి, రాజ్యసభ సభ్యుడు. నా కళ్లకు మాత్రం గని గేటు దగ్గర జెండా పట్టుకుని, నన్నే బీడీ అడిగిన యూనియన్ కుర్రాడే. ఏప్రిల్‌తో ఆరేళ్ల పదవి అయిపోతుంది. ఈలోగా ఒక పుస్తకం వేయాలట. సభకు ఎన్ని రోజులు హాజరయ్యాడు, ఎన్ని ప్రశ్నలు వేశాడు, ఏ బిల్లుకు ఎటు ఓటేశాడు, సొంతంగా ఏ బిల్లు పెట్టాడు, అన్నీ అందులో ఉండాలి. అది చూపించి వచ్చే ఎన్నికల్లో టికెట్ అడుగుతాడు.

“హాజరు సంగతి నీకంటె తెలిసినోడు మన గోదావరిఖనిల ఎవడున్నడన్నా” అన్నాడు. పొగుడుతున్నాడని తెలుసు. అయినా పొంగిపోయాను.

ముప్పై నాలుగేళ్లు మస్టర్ గుమాస్తాగా చేశాను. గనిలోకి దిగే ప్రతి మనిషీ నా కిటికీ ముందు నిలబడి, నేను పేరు పిలిస్తే “ఉన్న సార్” అనాలి. నేను టిక్కు పెడితేనే ఆ రోజు వాడు ఉన్నట్టు. రిటైరై మూడేళ్లయినా నా దస్తూరీ గురించి జనం ఇంకా చెప్పుకుంటారు. ఈ మాట రాయాల్సింది కాదు. పోనీలే, చదివేవాళ్లెవరు?

ఫిబ్రవరి 5, బుధవారం

ఢిల్లీ నుంచి కాగితాల కట్ట వచ్చింది. హాజరు నూటికి డెబ్బై నాలుగు రోజులు. మా గనిలో ఇది మంచి హాజరే. ప్రశ్నలు రెండు వందల పన్నెండు. ఓట్ల దగ్గరే చిక్కొచ్చింది. చాలా బిల్లులు మూజువాణితో అయిపోయాయి, అంటే అందరూ ఒక్కసారిగా అరుస్తారు, ఎవరు ఏమన్నారో ఎవరి పేరు మీదా ఉండదు. ఇంతమంది పెద్దలకు ఒక మస్టర్ గుమాస్తా దొరకలేదు కాబోలు.

సొంత బిల్లు ఒక్కటే. బొగ్గుగని కార్మికుల పేర్ల సవరణ బిల్లు, 2011. దానికి మూలం నేనే. నాలుగు పేజీలు తెలుగులో రాసి ఇస్తే ఢిల్లీ వకీలు పదిహేను పేజీల ఇంగ్లీషు చేశాడు.

మారుపేర్ల సంగతి ఈ బొగ్గు బెల్టులో ఎవరికి తెలియదు? ఒకడి పేరు మీద కొలువు వస్తుంది, ఇంకొకడు దిగి పనిచేస్తాడు. చచ్చిపోయాక పెళ్లాం కాగితాల్లో ఒక పేరు, మస్టర్‌లో ఇంకో పేరు. కొడుకుకు రావాల్సిన కొలువు ఆగిపోతుంది. అలాంటి కార్మికుడి అసలు పేరును తోటివాళ్లు ఇద్దరు ప్రమాణం చేసి చెబితే ఒప్పుకోవాలని మా బిల్లు. అందులో నాలుగో క్లాజు పూర్తిగా నాది. మస్టర్ రాసిన ఉద్యోగి సాక్ష్యం అవసరం లేదు అని. ఎందుకని రఘుపతి అడగలేదు.

2012 మే నెల, ఆ శుక్రవారం సభ కాగితం కూడా కట్టలో ఉంది. ఎంపీల సొంత బిల్లులు శుక్రవారం మధ్యాహ్నమే వస్తాయి. ఆ రోజు మా బిల్లు వంతు వచ్చింది. పేరు పిలిచారు. సభ్యుడు సభలో లేరని రాశారు. తర్వాతి బిల్లుకు వెళ్లిపోయారు. మళ్లీ మా వంతు రాలేదు.

ఆ కాగితం అడుగున పెట్టాను.

ఫిబ్రవరి 6

పొద్దున మొదటి షిఫ్టు సైరన్ కూసింది. వెంటనే వరండాలో ఎవరో “ఉన్న సార్” అన్నారు. వెళ్లి చూస్తే ఎవరూ లేరు. చెవిలో గులిమి చేరి ఉంటుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి పూలమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. ఆవిడ భర్త బుచ్చన్న మా గనిలో ఇరవై ఆరేళ్లు బొగ్గు నింపాడు. మస్టర్‌లో అతని పేరు రాయమల్లు. రాయమల్లు అసలు అతని అన్న. కొలువు అన్నకు వచ్చింది, చేసింది తమ్ముడు. 2010 డిసెంబరులో గుండె ఆగి డ్యూటీలో ఉండగానే చనిపోయాడు. కొడుకు సదయ్య కొలువుకు దరఖాస్తు పెడితే, చనిపోయిన రాయమల్లు వీళ్ల నాన్న కాదని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. ఫైలు ఆగిపోయింది. సదయ్య ఇప్పుడు కమాన్‌పూర్ దగ్గర ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టరు టిప్పర్ నడుపుతున్నాడు.

వచ్చే ఏప్రిల్ ఒకటికి వాడికి ముప్పై ఐదు నిండుతాయి. నిండితే ఇక కొలువు లేదు. అది చెప్పడానికే వచ్చింది.

“మన బిల్లు ఏడిదాక వచ్చిందన్నా?” అని అడిగింది.

సభలోనే ఉంది, వంతు రావాలి అన్నాను. అబద్ధం కాదు. రఘుపతి పదవి ఉన్నంతవరకు బిల్లు బతికే ఉంటుంది. పూలమ్మ టీ తాగింది, రాహేలు లేదని గ్లాసు తనే కడిగిపెట్టి వెళ్లింది.

తప్పు రఘుపతిది. పిలిచినప్పుడు లేకపోవడం కన్నా పెద్ద తప్పు ఏముంటుంది? ఇది రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 12

చెవుల డాక్టరును చూశాను. గులిమి లేదన్నాడు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఇవాళ కూడా వినిపించింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

ఫిబ్రవరి 20, గురువారం

తెలంగాణ బిల్లు లోక్‌సభలో మొన్న, రాజ్యసభలో ఇవాళ పాసైంది. చౌరస్తాలో డప్పులు, పటాకులు, రంగులు. సెకండ్ షిఫ్టు వాళ్లు టోపీ దీపాలతోనే ఎగిరారు. నాకు కూడా ఒకడు గులాల్ పూశాడు, కళ్లల్లో పడి మంట. ఏడ్చాను కూడా, అది మంటకేనని అనుకున్నారు.

రఘుపతి ఫోన్ చేశాడు, గొంతు బొంగురుపోయింది. పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయాలట, తెలంగాణకు ఓటు వేశాడని. ఇది కూడా మూజువాణి సార్, పేరు రికార్డులో ఉండదు అన్నాను. “అందరికంటె గట్టిగ నేనే అన్నన్నా, నువ్వు రాయి” అన్నాడు. రాశాను. నమ్మాను కాబట్టే రాశాను.

అందరూ సంతోషంగా ఉన్న రోజు నాకు ఎందుకిలా ఉంది?

ఫిబ్రవరి 24, సోమవారం

రఘుపతి ఊళ్లోకి వచ్చాడు. ఊరేగింపు అయ్యాక గెస్ట్‌హౌస్‌లో నన్ను కూర్చోబెట్టుకుని నేను రాసిన కాగితాలు చదివాడు. బాగుంది, బాగుంది అంటూ తిప్పుతూ బిల్లు పేజీ దగ్గర ఆగాడు. నేను అక్కడ ఉన్నది ఉన్నట్టు రాశాను. ‘బిల్లు వంతు వచ్చిన శుక్రవారం పేరు పిలిచినప్పుడు సభ్యుడు లేరు’ అని.

ఇది తీసెయ్యమన్నాడు. నాకు కోపం వచ్చింది. పూలమ్మ సంగతి చెప్పాను, సదయ్య వయసు చెప్పాను. వచ్చే ఏప్రిల్లో నీ పదవితో పాటు ఆ బిల్లు కూడా పోతుంది, వాళ్ల ఉసురు తగులుతుంది అని కూడా అన్నాను. మంది చూస్తున్నారు. ముప్పై ఏళ్ల పరిచయంలో అతనితో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

రఘుపతి అందరినీ బయటికి పంపాడు. కండువా తీసి కుర్చీ మీద వేశాడు.

“అన్నా, ఆ శుక్రవారం నేనెక్కడున్ననో నీకు తెల్వదా?”

తెలియదన్నాను.

అతను నా కప్పులో టీ తనే పోశాడు. తాగి వచ్చేశాను.

ఫిబ్రవరి 25

తెలుసు.

ఫిబ్రవరి 27, గురువారం

రెండు రోజులుగా పెన్ను పట్టుకుని పెట్టేస్తున్నాను. రాస్తే తప్ప కుదిరేట్టు లేదు.

ఆ శుక్రవారం మా సుజిత పెళ్లి.

అల్లుడి వాళ్లది జ్యోతినగర్. వియ్యంకుడు పవర్ ప్లాంటులో ఇంజనీరు. నిశ్చితార్థం నాడు వాళ్లవైపు పెద్దమనిషి ఒకాయన, గుమాస్తా ఇంటి సంబంధమా అని అరుగు మీద అనడం నా చెవిన పడింది. అప్పటినుంచి నాకు ఒకటే పట్టుదల, పెళ్లికి ఎంపీ రావాలి. మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి రఘుపతి మొహమాటపడ్డాడు. ఆ రోజు మధ్యాహ్నం రెండున్నరకు మన బిల్లు వంతు వచ్చేటట్టుంది అన్నాడు.

నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “పొద్దుగాల రిజిస్టర్ల సంతకం పెట్టి ఫ్లైటెక్కు. మస్టర్ పడ్డంక ఎవడడుగుతడు?”

మా దగ్గర అంతే మరి. యూనియన్ నాయకులు పొద్దున మస్టర్ పడ్డాక ఊళ్లో తిరిగేవాళ్లు. ఇదే రఘుపతికి పన్నెండేళ్లు నేనే టిక్కు పెట్టాను, గనిలోకి దిగింది పన్నెండు రోజులు కూడా ఉండదు. ఢిల్లీలో కూడా సంతకమే హాజరనుకున్నాను. ఉదయం సంతకం పెట్టినవాడు మధ్యాహ్నం పేరు పిలిస్తే లేకపోవడం వేరే లెక్క అవుతుందని నాకు తట్టలేదు. ఆ బిల్లు కాకపోతే ఇంకో శుక్రవారం వస్తుందిలే అనుకున్నాను.

రాత్రి విందు వేళకు రఘుపతి వచ్చాడు. నాలుగు కార్లు. వియ్యంకుడు ఎదురెళ్లి దండ వేశాడు. ఆ క్షణంలో నాకంటే గొప్పవాడు ఈ ఖనిలో లేడనిపించింది. ఆ రోజు హాజరు కాగితంలో రఘుపతి సంతకం ఉంది, ఉదయం పదకొండు గంటలకు.

ఫిబ్రవరి 28

వరండా తలుపు వేసుకుని కూర్చున్నాను. అయినా వినిపించింది. అది బుచ్చన్న గొంతు. ఇరవై ఆరేళ్లు విన్నవాణ్ని, పోల్చుకోలేనా?

మార్చి 2, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. ఆరోగ్యం బాగాలేదని పాస్టరుగారికి కబురు పెట్టాను.

పెళ్లి సంగతి రాశాక మనసు తేలికవుతుందనుకున్నాను. కాలేదు. దాని కింద ఇంకోటి ఉంది.

1984 నవంబరు. రాయమల్లు కొత్తగా చేరి నాలుగు రోజులు దిగాడు. ఐదో రోజు కిటికీ ముందు వేరే మొహం. రాయమల్లు అని పిలిచాను. ఉన్న సార్ అన్నాడు ఆ కొత్తవాడు. నేను తలెత్తి చూశాను. అతను నన్ను చూశాడు. వెనక వరస నిలబడి ఉంది, మనుషుల్ని గనిలోకి దించే ఇనుప పంజరం దిగే టైమైంది. టిక్కు పెట్టాను. సాయంత్రం బుచ్చన్న మా క్వార్టర్‌కు వచ్చి, అన్న చీకటికి భయపడి బొంబాయి వైపు భీవండికి పారిపోయాడని, ఇంట్లో గింజ లేదని చెప్పుకున్నాడు. నెల తిరగ్గానే ఒక కోడిపుంజు తెచ్చిచ్చాడు. ఆ క్రిస్మస్‌కు మేం కోడి కొనలేదు. జాలిపడే టిక్కు పెట్టానని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. జాలి కూడా ఉంది, కాదనను.

అక్కడితో ఆగినా బాగుండేది. 2011 జనవరిలో ఆకాశరామన్న ఉత్తరం మీద విచారణ పెట్టి నాకు లెటరు పంపారు. రాయమల్లు పేరుతో పనిచేసిన మనిషి ఎవరు, మీకు తెలుసా అని. నాకు రిటైర్మెంటు రెండు నెలలుంది. తెలుసంటే నా ముప్పై నాలుగేళ్ల పేరు గంగలో కలుస్తుంది, రావాల్సిన డబ్బులు ఆపుతారు, సుజితకు మంచి సంబంధం రాదు. నా చక్కటి దస్తూరీతో రాసిచ్చాను, ‘రికార్డు ప్రకారం ఆయన రాయమల్లే’ అని.

సదయ్య దరఖాస్తు ఆగింది ఆ ఒక్క వాక్యం దగ్గర.

తర్వాతే బిల్లు ఆలోచన వచ్చింది. నాలుగో క్లాజు ఎందుకు పెట్టానో నాకు ఇప్పుడు తెలుస్తోంది. ఇప్పుడు తెలుస్తోందని రాయడం కూడా అబద్ధమే. దేశం మొత్తానికి ఒక చట్టం చేయించాలని చూశాను, నేను ఒక్క ముక్క చెప్పకుండా తప్పించుకోవడానికి.

మార్చి 5, బుధవారం

ఈస్టరుకు ముందటి శ్రమదినాలు మొదలయ్యాయి. ఎలక్షన్ల తేదీలు కూడా వచ్చాయి. పుస్తకంలో ఆ వాక్యం తీసేసి ప్రెస్సుకు ఇచ్చాను. అది ఉంచితే కారణం కూడా రాయాలి కదా.

మార్చి 7, శుక్రవారం

మధ్యాహ్నం పూలమ్మ ఇంటికి వెళ్లాను. బిల్లు పోయిందని చెప్పి, రఘుపతి మీద నాలుగు మాటలు వేసి వచ్చేద్దామనుకున్నాను. ఇంత జరిగాక కూడా అదే బుద్ధి.

తలుపు తీసే ఉంది. పూలమ్మ టీవీ ముందు చాప మీద కూర్చుని ఉంది. రాజ్యసభ చానెల్. ఎవరో ఇద్దరు హిందీలో నదుల గురించి మాట్లాడుకుంటున్నారు. సభ పోయిన నెల ఇరవై ఒకటినే ముగిసిపోయింది, మళ్లీ ఎన్నికలయ్యేదాకా లేదు. ఆమెకు ఆ సంగతి తెలియదు. హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. సొంత బిల్లులు శుక్రవారం మధ్యాహ్నం వస్తాయని మూడేళ్ల కింద నేనే చెప్పాను. అప్పటినుంచి ప్రతి శుక్రవారం కూలి పని కూడా మానుకుని కూర్చుంటోందట. సదయ్య చెప్పాడు, టిప్పర్ దిగి అన్నానికి వచ్చాడు వాడు.

“చెప్పినా ఇనది, కాకా. నాయిన పేరు వాళ్లు పిలిచినప్పుడు ఇంట్ల ఎవరో ఒకరుండాలె అంటది.”

పూలమ్మ నాకు పక్కన చోటు చూపించింది. చాప మీద కూర్చున్నాను. ఆ ఇద్దరూ మాట్లాడుతూనే ఉన్నారు. ఆమె వాళ్ల పెదాలనే చూస్తోంది. కాసేపయ్యాక, వీళ్లలో మన పేరు చదివే సారు ఎవరు అన్నా అని అడిగింది.

నా వల్ల కాలేదు. లేచి, సోమవారం ఆఫీసుకు పోదాం, కాగితాలన్నీ తీసుకుని తయారుగా ఉండు అన్నాను. బిల్లు వచ్చిందా అంది. దాని అవసరం లేదన్నాను.

మార్చి 9, ఆదివారం

చర్చికి వెళ్లాను. రాహేలుకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. సుజిత బిడ్డ నిద్రలేచింది, పెట్టేస్తున్నా అంది.

మార్చి 10, సోమవారం

ఆఫీసులో పర్సనెల్ ఆఫీసరు చిన్నవాడు, సుజిత వయసు ఉంటుంది. వాంగ్మూలం చెప్పాను. 1984 నుంచి రాయమల్లు పేరుకు పలికినవాడు బుచ్చన్న అని, ఈ పూలమ్మ అతని భార్య అని, తెలిసే టిక్కు పెట్టానని, తెలిసే 2011లో అబద్ధం రాశానని. కోడిపుంజు సంగతి కూడా చెప్పాను. అది రాసుకోవాలా వద్దా అని అతను ఒక్క క్షణం ఆగి, రాసుకున్నాడు.

అతను ఫైలు తీసి నా పాత ఉత్తరం పైకి చదివాడు. పూలమ్మ నా పక్క కుర్చీలోనే ఉంది. ఆమెకు ఆ ఉత్తరం సంగతి తెలియడం అదే మొదటిసారి.

ఆఫీసరు విసుక్కోలేదు, మామూలుగానే అడిగాడు. “ఆనాడే ఈ ఒక్క ముక్క చెప్తే వారంల అయిపోయేది గదా పెద్దాయనా. దీనికి ఢిల్లీల బిల్లెందుకు?”

నేను సదయ్య వయసు గురించి అడిగాను. దరఖాస్తు 2011ది కాబట్టి అప్పటి వయసే లెక్కలోకి తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు, హెడ్డాఫీసుకు రాస్తానన్నాడు. నా మీద చర్యలుంటాయని కూడా చెప్పాడు. సంతకం పెట్టాను. నా సంతకం వంకరగా రావడం ఇదే మొదటిసారి.

బయటికొచ్చి ఆటో ఎక్కాం. పూలమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తోంది. తిట్టమని మనసులో బతిమాలుకున్నాను. నేనే మొదలుపెట్టి ఆ శుక్రవారం సంగతి కూడా చెప్పేశాను, ఎంపీ ఢిల్లీలో ఉండాల్సిన పూట నా కూతురి పెళ్లిలో ఉన్నాడని, నేనే పిలిపించానని.

“ఎరికే” అంది. “ఆ రాత్రి నేనుంటి గదా ఆడ. మీ పెండ్లిల బాసన్లు తోమింది నేనే. ఎంపీ సారు కారు దిగంగ చూసి, మన పని అయిపోయింది, అది చెప్పనీకే వచ్చిండని అనుకున్న. ఆ సంబురంల రెండు బువ్వ తపేలలు ఎక్కువ తోమిన.”

చౌరస్తా వచ్చింది. ఆటో ఆపమంది. దిగి, డబ్బులు నేనిస్తానంటే వినకుండా తన భాగం తనే ఇచ్చింది. తర్వాత నా వైపు తిరిగింది. ఆమె మొహంలో కోపం లేదు, ఏడుపూ లేదు.

“మూడేండ్లు నువ్వు కనవడ్డకాడల్ల దండం పెట్టిన అన్నా. అవన్ని నాకు వాపస్ ఇయ్యి.”

కొంగు సర్దుకుని, నేను ఏమంటానో చూడకుండా మార్కెట్ వైపు నడిచి వెళ్లిపోయింది.